పసుపు మీద పడ్డ నింద

నా చిన్నప్పుడు మా పెరటి కుంటలో ట్రౌట్ చేపలు చచ్చిపోయింది పసుపు వల్ల కాదు. వినాయకుడి మట్టి వల్ల కాదు, ఆంటీ వల్ల అసలే కాదు. ఈ ముక్క ఆ రోజే చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పలేదు. నేను చెప్పకపోవడం వల్ల ఒక కథ పుట్టింది. మిచిగన్‌లోని ట్రాయ్ ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎక్కడ భోజనాలు పెట్టినా ఆ కథ వడ్డనకు వచ్చేది. విని విని విసుగెత్తిపోయింది. విసుక్కునే హక్కు అందరికంటే తక్కువ ఉన్నవాణ్ణీ నేనే.

మా నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు. ఇల్లు కొన్న ఏడాదే పెరట్లో పెద్ద గొయ్యి తవ్వించి, అడుగున రబ్బరు షీటు పరిచి, బోరు నీళ్ళు నింపి ట్రౌట్ పిల్లల్ని వదిలాడు. ఆ చేపలకు నీళ్ళు చల్లగా ఉండాలి, ఆ నీళ్ళలో గాలి ఉండాలి. మిచిగన్ చలికాలం వాటికి పండగే. ఎండాకాలం మాత్రం మా ఇంటిల్లిపాదికీ శిక్ష. నాన్న ఆఫీస్ నుంచి ఫోన్ చేసి అమ్మ ఎలా ఉందని అడిగేవాడు కాదు, నీళ్ళు ఎంత వేడెక్కాయని అడిగేవాడు. అమ్మ చెప్పులేసుకుని థర్మామీటర్ చూడ్డానికి వెళ్తూ, "నాకు జ్వరమొస్తే ఒక్కసారైనా ఇలా చూశారా ఈయన?" అని గొణిగేది. కుంటలోకి బుడగలు వదిలే చిన్న గాలి పంపు ఒకటి రాత్రీ పగలూ నడిచేది. దాని ప్లగ్గుకు ఎర్ర టేపు చుట్టి, నన్ను దాని ముందు నిలబెట్టి నాన్న చెప్పాడు: "ఇది పీకావంటే వాటి ముక్కు మూసినట్టేరా."

ఆంటీ అంటే రెండు వీధుల అవతల ఉండే ఆవిడ, అమ్మకు స్నేహితురాలు. చవితికి ముందు పిల్లలందర్నీ తన గరాజ్‌లో చాపల మీద కూర్చోబెట్టి మట్టి వినాయకుల్ని చేయించేది. రంగులు వేయనిచ్చేది కాదు. నా వినాయకుడికి తొండం ఎప్పుడూ ఊడిపోయేది. ఆవిడ వేలు తడి చేసి అతికిస్తూ, "మీ నాన్నేమో ఇంజనీరు, నీకు ఒక్క జాయింటూ నిలవదేంట్రా!" అని నవ్వేది. అసలు ఇబ్బంది నిమజ్జనం దగ్గర వచ్చేది. పార్కు సరస్సులో ఏమీ వేయకూడదని బోర్డు. బకెట్‌లో ముంచడానికి ఆంటీకి మనసొప్పదు. చివరికి అందరి కళ్ళూ మా కుంట మీద పడ్డాయి. నాన్న కుదరదన్నాడు. అమ్మ మాటలు మానేసింది. నాన్న ఒప్పుకున్నాడు.

నిమజ్జనం సాయంత్రం బాగా ఉక్కగా ఉంది. వెనక గోడకు ఉన్నవి రెండే సాకెట్లు. ఒకదాంట్లో భజన పాటల క్యాసెట్ ప్లేయర్, రెండోదాంట్లో పంపు. నా రిమోట్ కారు బ్యాటరీ అయిపోయింది. వచ్చిన పిల్లలకు దాని పరుగు చూపించకపోతే నా పరువు పోతుంది. ఛార్జ్ చేయడానికి లోపలికి వెళ్తే అమ్మ కారు లాక్కుంటుంది. ఎర్ర టేపు ప్లగ్గు పీకి ఛార్జర్ పెట్టాను. కాసేపే అనుకున్నాను. ఇంతలో పులిహోరకు పిలిచారు, సంగతే మరిచిపోయాను. పాటల హోరులో పంపు చప్పుడు ఆగిందని ఎవరికీ తెలియలేదు. ఆంటీ వినాయకుణ్ణి రెండు చేతులా పట్టుకుని, చంటిబిడ్డకు నీళ్ళు పోసేటంత నెమ్మదిగా కుంటలోకి దించింది.

పొద్దున నాన్నకంటే ముందే లేచాను. కిటికీలోంచి చూస్తే నీళ్ళ మీద తెల్లటి పొట్టలు. పరుగెత్తుకెళ్ళి ఛార్జర్ తీసేసి పంపు ప్లగ్గు పెట్టాను. నాన్న కాఫీ కప్పుతో బయటికొచ్చేసరికి పంపు శుభ్రంగా నడుస్తోంది, చచ్చిన చేపల మధ్య బంతిపూల రెక్కలూ పసుపూ తేలుతున్నాయి. ఇంజనీరు కదా, కారణం వెంటనే కనిపెట్టేశాడు.

ఆ సాయంత్రం ఆంటీ, అంకుల్ మా పెరట్లోకి వచ్చారు. అంకుల్, "అంత చిన్న బొమ్మకి చేపలు చస్తాయా అండీ, వాటర్ టెస్ట్ చేయిద్దాం" అని వాదన మొదలుపెట్టాడు. ఆంటీ ఆయన్ని ఆపింది. "అన్నయ్యగారూ, తప్పు నాది. మీరు వద్దంటున్నా నేనే పట్టుబట్టాను. క్షమించండి" అంది. దాని వెనక 'కానీ' రాలేదు, 'నాకేం తెలుసు' రాలేదు. నేను పెరటి మెట్ల మీద రిమోట్ కారు ఒళ్ళో పెట్టుకుని వింటున్నాను. క్షమాపణ ఎలా అడగాలో నేను నేర్చుకున్నది అడగాల్సిన పనే లేని మనిషి దగ్గర. నేర్చుకున్నాను గానీ వాడలేదు.

తర్వాత కథ పెరిగింది. నాన్న చెప్పినప్పుడల్లా చేపలు ఇంకాస్త పొడుగయ్యేవి. ఆంటీ ఎవరింట్లో అడుగుపెట్టినా ఎవరో ఒకరు, "ఆంటీ వచ్చారు, అక్వేరియం దాచండర్రా!" అనేవారు. అందరితో పాటు ఆవిడా నవ్వేది. కానీ ఆ మరుసటి చవితి నుంచి గరాజ్‌లో చాపలు పరవలేదు. ఇండియన్ స్టోర్‌లో చిన్న బొమ్మ కొనుక్కుని, ఇంట్లోనే బకెట్‌లో ముంచేది.

పోయిన చవితికి మా ఇంట్లో భోజనాలు. ఎనభై దాటిన నాన్న మళ్ళీ అదే కథ ఎత్తుకున్నాడు. ఆంటీ మనవరాలు ప్లేట్ పట్టుకుని, "అమ్మమ్మా, నువ్వు రియల్లీ ఫిష్‌ని కిల్ చేశావా?" అని అడిగింది. ఆంటీ ఆ పిల్ల తల నిమిరి, "అవునమ్మా, తెలీక చేశాను" అంది. ఆ 'అవును' నా గొంతులో చేపముల్లులా దిగింది.

లేచి నిలబడి అంతా చెప్పాను. సాకెట్, ఛార్జర్, పొద్దున్నే ప్లగ్గు మార్చేయడం, అన్నీ. నాన్న ముందు బిత్తరపోయి, తర్వాత, "మరి ఎర్ర టేపు ఎందుకు చుట్టానురా వెధవా!" అన్నాడు. అందరూ నవ్వారు, ఆంటీ మాత్రం నవ్వలేదు.

"ఇన్నేళ్ళూ వినాయకుణ్ణి మాప్ బకెట్‌లో ముంచాన్రా! మట్టి ముట్టుకోవాలంటే భయమేసేది. ఇప్పుడా చెప్పేది?"

"చిన్నపిల్లాణ్ణి ఆంటీ, నాన్నంటే భయం, పైగా నన్నెవరూ అడగలే..."

సంజాయిషీలు ఇంకా చాలా ఉన్నాయి నా దగ్గర. ఆవిడ ఆ రోజు మా పెరట్లో నిలబడిన తీరు గుర్తొచ్చి, వాటిని అక్కడే ఆపేశాను.

"ఆంటీ, తప్పు నాది. క్షమించండి" అన్నాను.