కావిడిలో వరస తప్పిన ట్యాగులు

ఏడో తరగతిలో నేను బడి మానేసిన వారానికి మా మాస్టారు కొండెక్కి మా ఇంటికొచ్చారు. నన్ను వెనక్కి తీసుకుపోవడానికే వచ్చారనుకుని చిక్కుడు పందిరి వెనక దాక్కున్నాను. ఎంతసేపు బతిమాలించుకుంటే మర్యాదగా ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. ఆయన మా అమ్మనడిగి, బడిగంట కొట్టే ఇనప కడ్డీ తీసుకుని వెళ్లిపోయారు. దాన్ని ఎత్తుకొచ్చింది నేనే. నేను లేకపోయినా బడి నడిచింది గానీ, కడ్డీ లేకపోతే నడవలేదట.

ఆ గంట కూడా ఏదో కాదు, దూలానికి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. అందుకని రైల్వేతో నాది చిన్ననాటి అనుబంధమని సంతలో ఎవరు దొరికినా చెబుతుంటాను.

అసలైన అనుబంధం మొన్నీమధ్యే కుదిరింది. మా ఊరి కిందుగా సొరంగాలు దూరుకుంటూ, మలుపులు తిరుగుతూ ఒక లైను పోతుంది. ఇనప రాయి మోసే గూడ్సులే ఎక్కువ. ఆ లైనులో బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా కొత్త ఏర్పాటు చేస్తున్నారనీ, పట్టాల మధ్య ట్యాగులు బిగించడానికి మనుషులు కావాలనీ ఒక సూపర్‌వైజరమ్మ వచ్చింది. విజయనగరం వైపు పిల్ల. డిప్లొమా చదివింది, ఇదే మొదటి ఉద్యోగం. కాంట్రాక్టరు బయటి ముఠాని దింపుతానంటే, ఊళ్లోవాళ్లే చక్కగా చేస్తారని పట్టుబట్టి మా పన్నెండు మందిని పెట్టించింది. మేం బిగించిన చోట ట్రయలు ఇంజను ఇబ్బంది లేకుండా వెళ్తే పక్క సెక్షను పని కూడా మాదే. తేడా వస్తే బయటి ముఠా దిగుతుంది. మేం కాఫీ కోతలయ్యాక ఎప్పటిలాగే ఇటుక బట్టీలకు మూటలు కట్టుకోవాలి. మా ఇంటిది అప్పటికే బట్టీ గిన్నెలు అటకెక్కించి, "ఈ ఏడు ఇవి కిందకి దిగాయంటే నువ్వు అటకెక్కాలి" అంది.

ట్యాగంటే అరచేతికన్నా కాస్త పెద్ద బిళ్ల. తీగ లేదు, బ్యాటరీ లేదు. పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపరు మీద బిగిస్తే పడి ఉంటుంది. ఇంజను పైనుంచి పోతున్నప్పుడు దాని కిందున్న యంత్రం ఈ బిళ్లను పలకరిస్తుంది, బిళ్ల తన నంబరు చెబుతుంది. దాన్నిబట్టి తానెక్కడుందో ఇంజనుకు తెలుస్తుంది. ముందున్న సిగ్నలు ఎరుపో పచ్చో స్టేషను దగ్గరి టవరు రేడియోలో చెబుతుంది. మంచులో, మలుపులో సిగ్నలు కనబడకపోయినా డ్రైవరుకు ఎదురుగా ఉన్న తెర మీద కనబడుతుంది. ఎరుపు దగ్గర పడుతున్నా ఆయన వేగం తగ్గించకపోతే యంత్రం ముందు మోగి హెచ్చరిస్తుంది. అప్పటికీ వినకపోతే తనే బ్రేకు వేసేస్తుంది. అదే లైనులో ఎదురుగా ఇంకో బండి ఉన్నా అంతే.

సూపర్‌వైజరమ్మ ఇదంతా బొగ్గుముక్కతో బండ మీద బొమ్మ గీసి చెప్పింది. నేను ఊరుకుంటానా?

"అయితే తల్లీ, అచ్చం మా ఇంటిదే. ఎక్కడున్నావని అడుగుద్ది, సెప్పకపోతే అడుగు కదపనివ్వదు."

ముఠా అంతా నవ్వింది, ఆ పిల్ల కూడా నవ్వింది. ఇక నన్ను ఆపేవాడెవడు? మర్నాడు ఒక ట్యాగును ఎలుగుబంటి ఎత్తుకుపోయిందన్నాను. నిజమేనా అంటే ఒట్టు కూడా వేశాను. పాపం, సొరంగం దాకా పరిగెత్తింది. ట్యాగు నా తువ్వాలు కిందే ఉంది.

నవ్వనివాడు ఒక్కడే. కీమేను పని చేసే మావ. మా ఇంటిదానికి పెదనాన్న. సుత్తి భుజాన వేసుకుని రోజూ లైను వెంట నడుస్తూ, ఎక్కడేది వదులైందో చూసి బిగిస్తాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఆరు పట్టాలతోనే. ఒకసారి మాత్రం నా పక్కన కూర్చుని పాత సంగతి చెప్పాడు.

"అప్పట్లో ఇనప బంతుండీది. తోలు సంచీలో ఎట్టి, బెత్తం సుట్టకి కట్టి డ్రైవరుకిచ్చీవోరు. అది సేతిలో నేకపోతే బండి కదిలీది కాదు. ఈ టేసన్లో ఒక బంతి బయటికొచ్చిందంటే, అది అవతల టేసన్లో పెట్లో పడిందాకా రెండోది ఏ పెట్లోంచీ రాదు. ఒక దారి, ఒక బంతి, ఒక బండి."

"మరిప్పుడేటి మావా?"

"ఇప్పుడూ అదే. బంతి కనబడదంతే."

ఆఖరి ముక్క సొరంగం అవతల ఉంది. అక్కడికి జీపు పోదు, కావిడి మోయాల్సిందే. సూపర్‌వైజరమ్మ ట్యాగుల్ని నంబర్ల వరసలో, ముందు బిగించాల్సినవి పైకి వచ్చేలా రెండు బుట్టల్లో సర్ది ఇచ్చింది. "వరస కదపొద్దు బాబాయ్. ట్యాగు మీద నంబరు, స్లీపరు మీద రాసిన నంబరు ఒకటో కాదో చూసి మరీ బిగించు" అంది.

ముందు బుట్టలో పది ట్యాగులతోపాటు బోల్టులు కూడా ఉన్నాయి. బద్ద భుజానికెత్తగానే ముందుకు మొగ్గింది. కావిడి మోసేవాడు అప్పుడేం చేస్తాడు? బుర్రనడగడు. చెయ్యే పోయి బరువు వైపు నుంచి తేలిక వైపు నాలుగు వస్తువులు వేస్తుంది. నా చెయ్యి కూడా ముందు బుట్టలో పైనున్న నాలుగు ట్యాగులు తీసి వెనక బుట్టలో పైన పెట్టింది. బద్ద సమంగా నిలిచింది. నేను కబుర్లు చెప్పుకుంటూ నడిచాను.

అక్కడికి చేరాక పైనుంచి ఒక్కోటీ తీసి బిగించుకుంటూ ముందు బుట్ట ఖాళీ చేసి, తర్వాత వెనక బుట్ట ఖాళీ చేశాను. నంబర్లు చూడలేదు. సన్నగా వాన. అక్షరాలు చీమ తలంత. నా కళ్లకు ఏదైనా చేయి చాపి పట్టుకుంటేనే కనబడుతుంది. కళ్లద్దాలు ముసలాళ్లకని ఇంట్లో అప్పటికే ప్రకటించి ఉన్నాను. సాయంత్రం సూపర్‌వైజరమ్మ అడిగింది.

"నంబర్లన్నీ చూశావా బాబాయ్?"

"కళ్లారా సూశాను తల్లీ."

ఆమె కాగితం మీద టిక్కులు పెట్టుకుంది.

ట్రయలు రోజు పొద్దున్న మేమంతా సొరంగం అవతల, పట్టాలకు దూరంగా నిలబడ్డాం. మా బావమరిది అందరికీ నీళ్లు కావిడిలో తెచ్చాడు. దించేముందు బద్ద ఒరిగింది. వాడి చెయ్యి ముందు బుట్టలోంచి రెండు సీసాలు తీసి వెనక బుట్టలో వేసింది.

నేనా చెయ్యి వంకే చూస్తున్నాను. ఆరోజు నా చెయ్యీ అదే పని చేసిందని గుర్తొచ్చింది. పరిగెత్తి, మొదటి ట్యాగు మీదికి వంగి, వెనక్కి వాలి, కళ్లు చికిలించి చూశాను. ట్యాగు మీద ఒక నంబరు, స్లీపరు మీద ఒక నంబరు.

"తల్లీ, ట్యాగులు తారుమారైపోయాయి! బేగి ఫోను సెయ్యి, బండి ఆపించు!"

"ఎలుగుబంటి మార్చేసిందా బాబాయ్?"

ముఠా అంతా పొట్టలు పట్టుకుంది.

"కాదమ్మా, నిజం. ఒట్టు!"

"ఆరోజూ ఒట్టే వేశావు."

సొరంగంలోంచి కూత వినబడింది. ఇక పట్టాల మీదికి పోయే వీల్లేదు. ఆ సెక్షన్లో అదొక్కటే ఇంజను, నిదానంగానే వస్తోంది, ప్రమాదమేమీ లేదు. మొదటి ట్యాగు దాటింది. రెండోది దాటింది. ఇంకొంచెం వచ్చి, కీచుమని అరిచి, నిలబడిపోయింది.

ఎవరూ నవ్వలేదు. నేను చెప్పినదానికి మా వాళ్లు నవ్వకపోవడం ఆ ఒక్కసారే చూశాను.

ఇంజను దిగిన ఆఫీసరు నేరుగా మా దగ్గరికొచ్చాడు. "ఇక్కడ బిగించిందెవరు?" అన్నాడు.

సూపర్‌వైజరమ్మ ముందుకొచ్చింది. "బాధ్యత నాదే సార్" అంది.

"ఆ అమ్మది కాదు బాబూ. నాదీ, నా కావిడిదీ" అని బుట్టలు తెచ్చి ఎదురుగా పెట్టి, ఏం తీసి ఎందులో వేశానో చేసి చూపించాను. పది చోట్లే తప్పాయనీ, వెనక బుట్టలో మొదట్నుంచీ ఉన్నవి సరిగ్గానే ఉంటాయనీ వేళ్ల మీద లెక్క చెప్పాను. చూడకుండానే చూశానని చెప్పిన సంగతి కూడా ఒప్పుకున్నాను. ఆఫీసరు మీసం కింద నవ్వు ఆపుకోవడం కనబడింది.

"తప్పు నంబరు తగిలితే ఆగాలి, ఆగింది. యంత్రం పని యంత్రం చేసింది. మధ్యాహ్నం మళ్లీ వస్తాం. ఈలోపు మీ పని మీరు చెయ్యండి. ఈసారి ఆగితే మాత్రం నేనేం చెయ్యలేను" అన్నాడు.

ఆ పది ట్యాగులూ విప్పాం. అప్పుడు మావ నోరు తెరిచాడు. "టేసను మేస్టర్లు ఫోన్లో ఒకరు నంబరు సెప్తే రెండోవోరు తిరిగి సెప్తారు. మీరూ అలగే సెయ్యండి." జేబులోంచి తన కళ్లద్దాలు తీసి నా ముక్కు మీద పెట్టాడు. నేను ఒక్కో అంకె గట్టిగా చదివాను. సూపర్‌వైజరమ్మ స్లీపరు చూసి తిరిగి చదివింది. కలిస్తేనే బోల్టు తిరిగింది. బడిలో కూడా నేనంత శ్రద్ధగా చదవలేదు.

మధ్యాహ్నం ఇంజను వచ్చింది. పదో ట్యాగు దాటేదాకా వేళ్ల మీద లెక్కపెట్టాం. దాటింది, వెనకవీ దాటింది, మలుపు తిరిగి వలిసె చేల అవతలికి పోయింది. పక్క సెక్షను పని మాకే ఇచ్చారు. ఇద్దరు చదవందే ఒక్క బోల్టూ తిప్పకూడదని షరతు.

ఇంటికి నడుస్తుంటే నా నోరు మళ్లీ దురద పెట్టింది.

"ఎంత పిరికి ఇంజను మావా! కాస్త అనుమానమొచ్చిందో లేదో, నడి లైన్లో నిలబడిపోయింది. నానైతే నెట్టుకెళ్లిపోదును."

మావ సుత్తి భుజం మార్చుకున్నాడు.

"దానికి తెలీకపోతే ఆగిపోద్ది అల్లుడా. నీకు తెలీకపోతే కళ్లారా సూశానంటావు."