మూడు సీసాల్లో ఒక్కటే

మూడు కాదు, ఒకటి. ఆ సంగతి బయటపడేసరికి మా తమ్ముడి చెరువులో మూడు వందల పన్నెండు చేపలు చచ్చి తేలాయి. ఏరినవాళ్లు సుమారు మూడొందలన్నారు. సుమారు అనే మాట వింటే నాకు ఒళ్లు మంట. గట్టు మీద కూర్చుని రోజూ నేనే లెక్క రాసుకున్నాను.

కొల్లేటి పక్క ఊళ్లో మా తమ్ముడు శీలావతి, బొచ్చె చేపలు పెంచుతాడు. జూలై చివర్లో చేపల ఒంటి మీద ఎర్ర పుళ్లు లేచాయి. మందులకు లొంగలేదు. ఏలూరు కాలేజీలో ముప్ఫై ఒక్క ఏళ్లు సూక్ష్మజీవుల పాఠం చెప్పినదాన్ని కాబట్టి నన్నడిగాడు. చెరువు నీళ్లు పట్టించి, తమ్ముణ్ణి తాడేపల్లిగూడెంలో లెక్చరరుగా ఉన్న నా పాత విద్యార్థి దగ్గరికి తీసుకెళ్లాను. అతను ఫేజుల మీద పని చేస్తున్నాడు. ఫేజు అంటే బాక్టీరియాకు పట్టే వైరసు. చేప జోలికి రాదు. తనకు సరిపడే బాక్టీరియాలో దూరి, అక్కడే వందల్లో పెరిగి, దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది.

మా చెరువు నీళ్లలోంచే మూడు రకాల ఫేజులు పట్టానని చెప్పి మూడు సీసాలు ఇచ్చాడు.

"ఒకదానికి లొంగనిది రెండోదానికి లొంగుతుందండి. దానికీ లొంగకపోతే మూడోది ఉండనే ఉందండి మేడమ్," అన్నాడు.

మాట సరైనదే. బాక్టీరియా తన పై పొర కాస్త మార్చుకుంటే పాత ఫేజుకు పట్టు దొరకదు, వేరే రకం కావాలి. ఆ పాఠం అతనికి చెప్పింది నేనే. అందుకే తమ్ముడికి ధైర్యం చెప్పాను.

సెప్టెంబరు ఎనిమిదో తేదీ సోమవారం మొదటి సీసా పోయించాను. తర్వాత అయిదు రోజుల చావులు తొమ్మిది, నాలుగు, రెండు, రెండు, సున్నా. ఆరో రోజు పద్నాలుగు, ఏడో రోజు ముప్ఫై ఏడు. ఆ సాయంత్రమే రెండో సీసా పోయించాను. తర్వాతి మూడు రోజులు అరవై ఒకటి, ఎనభై ఎనిమిది, తొంభై అయిదు.

ఆ రాత్రి నేను ఏలూరు ఇంటికి చేరాక తమ్ముడు ఫోన్ చేశాడు. మూడో సీసా పోసి ఆగడమా, ఉన్న చేపల్ని ఇప్పుడే వల లాగేయడమా? అప్పటికి చేప అరకిలో కూడా లేదు. ఆగితే ఏడాది కష్టం నిలవచ్చు, లేదా మొత్తం పోవచ్చు. చెబుతానన్నాను గానీ నిద్ర పట్టలేదు. వేరే రకమైతే రెండోది ఒక్క రోజు కూడా పని చేయకపోవడమేమిటి?

పొద్దున్నే తాడేపల్లిగూడెం బస్సెక్కి, అతని చేత మూడు ఫేజుల జన్యువుల పటాలు ప్రింటు తీయించి బల్ల మీద పరిపించాను. మొదటిది ఫేజు తల కట్టే జన్యువులతో మొదలై తోక కట్టేవి, బాక్టీరియా గోడ పగలగొట్టేవి, డీఎన్ఏకు నకలు తీసేవి వరసగా ఉన్నాయి. రెండోది తోకతో మొదలైంది. మూడోది నకలు తీసేవాటితో మొదలై వెనక్కి నడిచింది. మూడు వేరు బొమ్మలు కనబడ్డాయి కాబట్టి మూడు వైరసులనుకున్నాడు ఆ మహానుభావుడు.

కత్తెర, జిగురు అడిగాను. మూడు పటాల్నీ పట్టీలుగా కత్తిరించి, ఒక్కో పట్టీ రెండు కొసలూ అంటించాను. మూడు కాగితపు గాజులయ్యాయి. మూడోదాన్ని తిరగేసి పక్కపక్కన పెడితే జన్యువుకు జన్యువు సరిపోయింది. ఈ జాతి ఫేజుల్లో డీఎన్ఏ పోగు తిన్నగానే ఉంటుంది గానీ ఒక్కోదానిలో ఒక్కో చోట మొదలవుతుంది. అన్నీ కలిపి చదివిన కంప్యూటరుకు మొదలు దొరకదు, ఎక్కడో ఒకచోట తుంచి చూపిస్తుంది.

మూడింటినీ ఒకే జన్యువు దగ్గర మొదలుపెట్టి అక్షరం అక్షరం పోల్చమన్నాను. టీ వచ్చేలోపే తేలింది. వేల అక్షరాల పోగులో పదకొండు అక్షరాల తేడా.

"పదకొండు ఉన్నాయి కదండీ," అన్నాడు మెల్లగా. "వేరే రకాలని రాయొచ్చేమోనండి. సదస్సులో పెట్టే పోస్టరు కూడా ప్రింటయిపోయిందండి."

ఆ మెత్తదనానికి నాకు ఇంకా మండింది.

"నీ పోస్టరు చెరువులో పరిస్తే చేపలు లేస్తాయా బాబూ? ఈ పోలిక సీసాలు ఇచ్చే ముందు ఎందుకు చేయలేదు?"

తల దించుకున్నాడు. అక్కడితో నా కోపం నా మీదికి మళ్లింది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ జన్యువుల్ని బోర్డు మీద తలతో మొదలుపెట్టి గీశాను. ఆ మొదలు మనం పెట్టుకున్నదేనని ఒక్క బ్యాచికీ చెప్పలేదు. చచ్చిన చేపలు లెక్కపెట్టినదాన్ని, సీసాలు పోయించే ముందు పటాలు చూపించమని అడగలేదు.

వరండాలోంచి తమ్ముడికి ఫోన్ చేసి వల లాగించమన్నాను.

"మూడోది ఇంకా పొయ్యలేదు కదక్కా. అదీ చూద్దామా?"

"అది మూడోది కాదురా. మొదటిదే."

వలవాళ్లకి కబురు పెడతానన్నాడు.

నేను చేరేసరికి సగం చెరువు లాగేశారు. పదింటిని తూయించాను. ఒక్కటీ నాలుగు వందల గ్రాములు దాటలేదు. తమ్ముడు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. తూచిన చేపను చేత్తో పట్టుకుని, "ఇంకో నాలుగు నెలలుంటే కిలో తూగేవక్కా," అన్నాడంతే.

మూడో సీసా ఇప్పుడు నా బల్ల మీద ఉంది. దాని మీద రాసిన మూడు కొట్టేసి ఒకటి వేశాను.