హత్నూర పొలాల్లో మా బావకు చూపించబోయిన చుక్క

మా అక్క భర్త మల్లేశం బావ పాతికేళ్ళుగా ఇనుము కరిగించే ఫర్నేస్ దగ్గర పనిచేస్తున్నాడు. కుడి కన్ను ఎప్పుడో పోయింది. ఎడమ కంటి నరం కూడా ఎండిపోతోందని, ఇక ఆగదని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి విన్న రోజు ఫోన్లో మాట మార్చడానికి బావకు నాకు తెలిసిన కబురేదో చెప్పాను. 51 పెగసి అని ఓ దూరపు నక్షత్రం ఉందని, దాన్ని రాసుకుంటూ ఓ భారీ గ్రహం తిరుగుతోందని, నాలుగు రోజులకే దానికి ఏడాది గడిచిపోతుందని, అక్కడ వేడి వెయ్యి డిగ్రీల దాకా ఉంటుందని. "వెయ్యేనా? మా ఫర్నేస్ పదారు వందలు," అన్నాడు బావ. "గాడ ఎవ్వడు డ్యూటీ జెయ్యడు గద. అసొంటి వేడిని ఒక్కపారి సూడాలె," అన్నాడు. గ్రహం కనబడదు, దాని నక్షత్రమే కనబడుతుందన్నాను. అదే చాలన్నాడు. ఆ ఒక్క కన్నూ ఉండగానే చూపించాలని నా టెలిస్కోప్ తీసుకుని బయల్దేరాను.

నవంబరులో ఓ శనివారం ఒంటిగంటకు కూకట్‌పల్లిలో బస్సెక్కితే పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్ చేరేసరికి రెండున్నర. అక్కడి నుంచి బావ వాళ్ళుండే చిట్కుల్‌కు షేర్ ఆటో ఇరవై రూపాయలు. చిట్కుల్‌లో చుక్కలు వెతకడం దండగ, ఫ్యాక్టరీల లైట్లూ పొగా కలిసి ఆకాశం ఎర్రగా ఉంటుంది. అందుకే నాలుగింటికి పన్నెండు వందలకు ఆటో మాట్లాడుకుని సంగారెడ్డి మీదుగా హత్నూర వైపు పోయాం. టెలిస్కోప్ స్టాండు చూసిన డ్రైవరు ఏ రోడ్డుకు భూములు కొలుస్తున్నామని దారంతా ఆరా తీశాడు. చుక్కల కోసమంటే నమ్మలేదు.

చీకటి పడ్డాక, కోసిన వరిమడిలో స్టాండు నిలబెట్టాను. పూర్వాభాద్ర జంట చుక్కలు నడినెత్తిన ఉన్నాయి. వాటి మధ్యకు, కాస్త పడమరగా గొట్టం తిప్పి నక్షత్రాన్ని పట్టుకున్నాను. బావ వంగాడు. ఫర్నేస్ వాళ్ళు కరిగిన ఇనుమును కుడికంటికి నీలి అద్దం పెట్టుకుని, ఎడమకన్ను మూసి చూస్తారు. పాత అలవాటు కొద్దీ బావ పోయిన కుడికంటినే పెట్టాడు. ఎడమకన్ను పెట్టమని గుర్తు చేస్తే నవ్వి మార్చాడు. చాలాసేపు చూశాడు.

"కనవడ్డది. తెల్లగ మెరుస్తున్నది," అన్నాడు.

సంబరపడి నేనూ కన్ను పెట్టాను. ఇందాక కన్ను మార్చేటప్పుడే ఆయన భుజం తగిలినట్టుంది. గొట్టం పక్కకు జరిగిపోయి, నల్లటి చీకటి తప్ప అందులో ఏమీ లేదు.

ఎప్పటి నుంచి కనబడటం లేదని బావను అడిగాను. "దసరా సంది. మీ అక్కకు చెప్పకు, డ్యూటీకి పోనియ్యదు," అన్నాడు. మరి ఫర్నేస్ దగ్గర ఎలాగంటే, "ఇనుము ఎంత కాగిందో మొకానికి తెలుస్తది," అన్నాడు. నక్షత్రాన్ని మళ్ళీ పట్టుకున్నాను, ఎవరి కోసమో నాకే తెలియదు.

పొద్దున్నే చిట్కుల్‌లో, బావ వద్దన్నా అక్కకు చెప్పేశాను. ఆమె కూర తరుగుతూ తలెత్తలేదు. నెల రోజులుగా అన్నం కలిపి ముద్దలు చేసి ఆయన చేతికిస్తోందట, లేకపోతే చెయ్యి నీళ్ళ గ్లాసులో పడుతోందట. "నాకు తెల్సని ఆయనకు చెప్పకు. డ్యూటీ మానిపిస్తె ఇంట్ల కూసొని ఏం సూస్తడు రా," అంది.

తిరుగు బస్సులో ఏడుపు ఆగలేదు. యాభై కాంతి సంవత్సరాల అవతలి వేడిని ఇక్కడి నుంచే లెక్కగట్టారని గొప్పగా చెప్పుకునే వాణ్ణి, మా ఇంటి మనిషి చూపెంతో తెలుసుకోలేకపోయాను. ఇందులో నాకు ఏ ఆశా కనిపించడం లేదు. సోమవారం బావ మళ్ళీ ఫర్నేస్ ముందు నిలబడ్డాడు. అక్కే క్యారేజీ కట్టిచ్చింది.

మీరూ ఎవరినైనా ఇలా తీసుకెళ్తుంటే, బయల్దేరే ముందే పగటి వెలుగులో టెలిస్కోప్‌ను దూరపు సెల్ టవర్ మీదికి తిప్పి చూడమనండి. కనబడిందంటే నమ్మి ఊరుకోకండి, ఏం కనబడిందో అడగండి.