పోలేరమ్మ దాచిన మూర్ఛ

పోలేరమ్మ నోట్లో నువ్వుగింజ నానదని బందరు తీరంలో అందరికీ తెలుసు. ఎవరి వలలో ఏం పడిందో, ఎవరి కోడలు అలిగి వెళ్ళిందో అన్నీ ఆమె చేపల తట్టతోపాటే ఊరంతా తిరిగేవి. అలాంటి మనిషి ఒక్క మాటను మాత్రం పదిహేనేళ్ళు కడుపులో దాచుకుంది. దాచకూడని మాట అదొక్కటే.

తొలికాన్పు పుట్టింటిదే కదా. తొంభై మూడులో కూతురు గంగాదేవిని పటమటలో అత్తారింటి నుంచి బందరు తీసుకొచ్చింది. పిల్ల కాళ్ళు వాచి, మొహం ఉబ్బి ఉంటే, "నీరు దిగిందిలే, నీళ్ళాడే రోజులు దగ్గరపడ్డాయి" అని మురిసిపోయింది. కళ్ళు బైర్లు కమ్ముతున్నాయన్న రోజే గంగాదేవికి ఫిట్స్ వచ్చాయి. నాలుక కొరుక్కుని ఒళ్ళు తెలియకుండా పడి ఉన్న పిల్లని పోలేరమ్మా, ఆమె మొగుడూ కలిసి ఆసుపత్రికి చేర్చారు. డాక్టరమ్మ ఆపరేషన్ చేసి, తల్లినీ నెల తక్కువ ఆడపిల్లనీ దక్కించింది. ఇంటికి పంపేటప్పుడు పోలేరమ్మని పక్కకి పిలిచి చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"బీపీ పెరిగి వచ్చిన మూర్ఛ ఇది. కాన్పుతో పోయిందనుకోకమ్మా. ఈ అమ్మాయికి ముందుముందు బీపీ, గుండెజబ్బు, కిడ్నీ జబ్బు వచ్చే ముప్పు ఎక్కువ. ఏటా బీపీ చూపించండి, ఉప్పు తగ్గించండి. బిడ్డకి కూడా పెద్దయ్యాక చూపిస్తూ ఉండండి."

పోలేరమ్మ తల ఊపింది గానీ, ఆమె చెవిలో మోగింది మూర్ఛ అన్న మాటొక్కటే. మూర్ఛ మనిషిని అంటగట్టారని వియ్యాలవారు పిల్లని పుట్టింట్లోనే వదిలేస్తే? గంగాదేవికా, ఆ రోజు సంగతేదీ గుర్తులేదు. మొగుడి నోరు కూడా మూయించి, బిడ్డ అడ్డం తిరిగిందని కోశారనీ, నొప్పులకి నాలుక కొరుక్కుందనీ కూతురికీ అల్లుడికీ ఒకే కథ చెప్పింది.

తర్వాత పటమట వెళ్ళినప్పుడల్లా సంచి నిండా ఉప్పుచేపలు పట్టుకెళ్ళేది. గంగాదేవి తలకి గుడ్డ బిగించి, "తలపోటమ్మా" అంటే, "తట్ట మోసే నెత్తి నొప్పెట్టక ఏం చేస్తుందే!" అని కసిరేది. కసిరి బస్సెక్కాక, బందరు చేరేదాకా డాక్టరమ్మ మాటే వెంటాడేది. ఈసారి చెప్పేయాలనుకునేది. ఆ ఈసారి వచ్చేది, పోయేది.

రెండువేల ఎనిమిదిలో గంగాదేవి ఆయాసంతో పడిపోయింది. కబురంది పోలేరమ్మ వచ్చేసరికి, విజయవాడ ఆసుపత్రిలో బీపీ విపరీతంగా ఉందన్నారు, కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు.

"కాన్పప్పుడు బీపీ గానీ ఫిట్స్ గానీ వచ్చాయామ్మా?" అని అడిగారు డాక్టరు గారు.

"అబ్బే, లేదండీ. బిడ్డ అడ్డం తిరిగిందని కోశారంతే. మా అమ్మ పక్కనే ఉంది, అడగండి" అంది గంగాదేవి ధీమాగా.

ఆ ధీమా చూసి పోలేరమ్మకి నేలలోకి కుంగిపోయినట్టయింది. గుమ్మం దగ్గర అల్లుడు నాగబాబు, మనవరాలు రామతులసి నిలబడి ఉన్నారు. ఇప్పుడూ అబద్ధమాడితే అడిగేవాళ్ళు లేరు.

"వచ్చినయ్యండీ" అంది. "మూర్ఛలొచ్చినయ్. ఏటా చూపించమన్నారు. నేనే దాచానండీ. దీన్ని వదిలేస్తారని భయపడ్డా."

నాగబాబు తెల్లబోయాడు. "వదిలేస్తానా? ఒక్క ముక్క చెప్తే దగ్గరుండి బిళ్ళలు మింగించేవాణ్ణి కదత్తా!" అన్నాడు. అతను తిట్టినా బాగుండేది. మొహం తిప్పుకుని ఏడ్చాడు. ఇన్నేళ్ళూ తను భయపడింది ఈ మనిషికా అని పోలేరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

గంగాదేవి నాలుక అంచున ఉన్న పాత మచ్చని పళ్ళతో తడుముకుంది.

"పిల్లకి కూడా చూపించమన్నారా అమ్మా?"

"అన్నారమ్మా."

"తులసీ, ఇట్రా. డాక్టరు గారికి చెయ్యి చూపించు."

డాక్టరు గారు బీపీ పట్టీ కట్టి చూశారు. కాసేపాగి మళ్ళీ చూశారు. "ఈ వయసుకి ఎక్కువేనమ్మా. ఇప్పటికైనా తెలిసింది, జాగ్రత్తపడొచ్చు. ముందు ఉప్పు తగ్గించాలి" అన్నారు. రామతులసికి ఉప్పుచేపంటే ప్రాణం. ముద్దలు కలిపి పెట్టింది అమ్మమ్మే.

గంగాదేవి కోప్పడలేదు. "ఇంకేమన్నా దాచావా అమ్మా?" అని మాత్రం అడిగింది.

"లేదమ్మా" అంది పోలేరమ్మ. నిజమే చెప్పింది. అయినా కూతురు, ఆ మాట నిజమేనా అన్నట్టు, డాక్టరు గారి వైపు చూసింది.