మాస్టారు పెన్సిల్‌తో రాయించిన గాలి

దేవేంద్ర నగర్‌లో మా పక్క వాటాలో ఉండే మాస్టారు మొన్న మంగళవారం పొద్దున పోయారు. కాఫీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉందని వాళ్ళావిడ చెప్పింది.

ఆయన బడిలో పనిచేసినవారు కారు. ఊరి బయట సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ల్యాబులో ఉండేవారు. చిమ్నీ గాలిని రబ్బరు సంచిలో పట్టి, ఏ వాయువు ఎంతుందో కొలవడం ఆయన పని. ఈ హిందీ ఊళ్ళో సాయంత్రాలు మా కాలనీ తెలుగు పిల్లలకు సైన్సు చెప్పేవారు. అలా అందరికీ మాస్టారయ్యారు.

ఆయనకో పద్ధతి ఉండేది. తేలిన సంగతి పెన్నుతో, తేలనిది పెన్సిల్‌తో రాయించేవారు. మా అమ్మాయి పన్నెండో తరగతిలో ఉండగా, భూమి పుట్టిన కొత్తల్లో గాలి ఎలా ఉండేదన్న పాఠం వచ్చింది. ఆక్సిజన్ దాదాపు లేదన్నది పెన్నుతో రాయించారు. మీథేన్, అమ్మోనియా ఎక్కువా, లేక అగ్నిపర్వతాలు కక్కిన కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ ఎక్కువా అన్నది పెన్సిల్‌తో.

నాకు గుబులు పట్టుకుంది. అమ్మాయి నర్సింగ్ సీటు ఆ మార్కుల మీదే ఉంది. ఒక మధ్యాహ్నం దాని నోటుపుస్తకం తీసి, గైడులో ఉన్నట్టు మీథేన్, అమ్మోనియాల మీద పెన్నుతో దిద్దేశాను. మిగతాది రబ్బరుతో చెరిపేశాను.

సాయంత్రం మాస్టారు ఆ పేజీ చూశారు.

"అరే! ఇది పక్కా ఎప్పుడయిందమ్మా? నాకు ఖబర్ రాలేదే!"

"గైడులో అలాగే ఉంది మాస్టారూ. పిల్లకి మార్కులు..."

"నిన్న పట్టిన గాలినే రెండుసార్లు కొలిస్తే నాకు రెండు లెక్కలొచ్చాయి. అప్పటి గాలిని సంచిలో పట్టిందెవరు? పాత రాళ్ళనే అడగాలి. మిగిలినవే కొన్ని. అవీ తలో మాట చెబుతున్నాయి."

"మరి పరీక్షలో ఏం రాయను మాస్టారూ?" అంది అమ్మాయి.

"గైడు మాటే రాయి బేటా. చివర 'ఇది ఇంకా తేలలేదు' అని ఒక్క లైను కలుపు. దానికి మార్కు కోస్తే నాతో చెప్పు, కొట్లాటకి నేనొస్తా."

అది అలాగే రాసింది. ఆ లైనుకు మార్కు పోయిందో లేదో మాకు తెలియదు. సీటయితే వచ్చింది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. ఆ సంగతిలో మాస్టారికి మేం రుణపడే ఉన్నాం.

ఒకసారి నేను రామకోటి రాసుకుంటూ ఆయన్ని అడిగాను.

"పోయాక ఎక్కడికి వెళ్తామన్నది కూడా పెన్సిలేనా మాస్టారూ?"

ఆయన నా చేతిలో పెన్ను చూశారు.

"మీది పెన్నుతోనే రాసుకోండమ్మా. నాది మాత్రం పెన్సిలే."

ఆ మాటలో వెక్కిరింపు లేదు.

నిన్న రామకోటిలో ఒక పేజీ నిండింది. అడుగున కాస్త చోటు మిగిలితే, అమ్మాయి పాత డబ్బాలోంచి పెన్సిల్ వెతికి తీసి, 'మాస్టారు స్వామి దగ్గరికి చేరారు' అని రాశాను. పెన్ను పక్కనే ఉంది. దాంతో దిద్దలేదు.