నాలుగు వేళ్ళ సందు

డెబ్బై నాలుగు మార్చిలో నేను కంకిపాడు వెళ్ళింది ఒక మనిషి ఎత్తు తెలుసుకోవడానికి. నవ్వకండి. సికింద్రాబాదులో మా డిపార్టుమెంటు బాస్కెట్‌బాల్ జట్టుకి నేను కోచ్‌ని. ఆటగాళ్ళకి మా దగ్గర గుమాస్తా ఉద్యోగాలిస్తారు కనక ఏడాదికోసారి ఊళ్ళు తిరిగి కుర్రాళ్ళని ఏరుకొస్తాం. జనవరిలో బెజవాడలో జరిగిన ఎంపికలకి దావీదు అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడొచ్చాడు. వచ్చినవాళ్ళందరిలోకీ పొడుగు. నా తోటి సెలెక్టర్లిద్దరూ అతని పేరు పక్కన ‘మందకొడి’ అని రాసి చేతులు దులుపుకున్నారు. ఎత్తు రాయాల్సిన గడి మాత్రం ఖాళీ. కొలిచే వేళకి మనిషి పత్తా లేడట.

అతను పరుగెత్తడు, ఎగరడు, నిజమే. కాని రింగుకి తగిలిన బంతి ఎక్కడ పడుతుందో అక్కడ ముందే నిలబడి ఉంటాడు. ఇరవై ఏళ్ళు ఆడీ ఆడించీ మోకాళ్ళు అరగదీసుకున్నవాణ్ణి, ఆ విద్య నాకు ఏనాడూ పట్టుబడలేదు. ఆ మాటే మా ఆఫీసరుగారి దగ్గర పట్టుపట్టి చెప్పాను. “కాగితం మీద ఎత్తు లేని పొడుగోడేంటయ్యా. సోమవారం జాబితా పైకి పోతుంది. ఆరడుగుల ఎనిమిదంగుళాలు దాటాడని రాసి తీసుకురా, చూద్దాం” అన్నారాయన. శుక్రవారం రాత్రి బండెక్కాను.

బండి ఆరూ పదికి బెజవాడలో దిగబెట్టింది. స్టేషను బయట రెండిడ్లీ, కాఫీ అయ్యేసరికి ఏడు. ఏడుంబావుకి ఉయ్యూరు బస్సు దొరికింది. కంకిపాడుకి టిక్కెట్టు తొంభై పైసలు. కిటికీ పక్క సీటు కావాలంటే బస్టాండులోనే ఎక్కాలి. బెంజ్ సర్కిల్ దగ్గరికొచ్చేసరికి కాలు పెట్టే చోటుండదు. పటమట దాటాక కాలవా, మినప కుప్పలూ, చెరకు బళ్ళూ. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

నా పక్కన కూర్చున్నాయన పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. తొడల మీద గొడుగు అడ్డంగా పెట్టుకున్నారు.

“ఎవరింటికండీ?” అని అడిగారు. చెప్పాను.

“పెట్టెల యోహాను కొడుకా? పేరు దావీదు, ఆకారమేమో బైబిల్లో ఆ దావీదు పడగొట్టిన గొల్యాతు” అని నవ్వారు. యోహాను సమాధి పెట్టెలు చేసే వడ్రంగి అనీ, పోయి మూడేళ్ళయిందనీ, ఇప్పుడా పని కొడుకే చేస్తున్నాడనీ ఆయనే చెప్పారు. తరవాత గొంతు తగ్గించారు. “ఏమీ అనుకోనంటే ఒకమాటండీ. ఆ అబ్బాయి మనిషిని కళ్ళలోకి చూడడు. నడినెత్తి కాడ మొదలెట్టి కాలి బొటనవేలి దాకా చూస్తాడు. చూశాడా, మన పెట్టె కొలత వాడికొచ్చేసినట్టే. వాళ్ళ నాన్నదీ అదే చూపు.”

“మీరవన్నీ నమ్ముతారాండీ?”

“అబ్బే, నమ్మనండి. కాకపోతే ఎదురుపడితే గొడుగు అడ్డం పెట్టుకుంటా.”

ఎనిమిదింటికి కంకిపాడులో దిగాను. ఉత్తరం ముందే రాశాను కనక దావీదు స్కూలు గ్రౌండులో ఉన్నాడు. మట్టి కోర్టు, వలలేని రింగులు. పదిమంది కుర్రాళ్ళు ఆడుతున్నారు. ఒక గంట చూశాను. అతనికి అడ్డంగా ఎవరూ నిలబడటం లేదు. బంతి అందించాల్సి వస్తే తల తిప్పుకుని విసిరేస్తున్నారు. అతను కాస్త దగ్గరికొస్తే చాలు, కుర్రాళ్ళు పక్కకి తప్పుకుంటున్నారు. జనవరిలో మా వాళ్ళు చూసిన మందకొడితనం ఇదన్నమాట. ఎవరూ దగ్గరికి రాని మనిషి ఎవరితో ఆడతాడు? అంతమంది ఆడుతున్నా ఆ గ్రౌండులో అరుపూ కేకా లేదు. బంతి చప్పుడొక్కటే. నాకెందుకో ఆ నిశ్శబ్దం బాగాలేదు.

ఆట ఆపాక దావీదు మోకాళ్ళు రుద్దుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ప్యాంటు అంచు ఈమధ్యే విప్పి కిందికి దించినట్టున్నారు, పాత మడత గీత ఇంకా కొత్తగా ఉంది. అరచేతులూ పాదాలూ మిగతా ఒంటికన్నా ముందు నడుస్తున్నాయి. పొడుగాటి పిల్లల్ని చూడటం నాకు కొట్టినపిండి. ఈ కుర్రాడి ఎదుగుదల ఇంకా ఆగలేదు.

“బంతి ఎక్కడ పడుద్దో నీకెలా తెలుస్తుందయ్యా?” అని అడిగాను.

“బంతిని చూడనండి. వేసేవోణ్ణి చూస్తానండి. మనిషి పొడుగు తెలిస్తే చెయ్యి పొడుగు తెలిసిపోద్ది. చెయ్యి తెలిస్తే అదెంత దూరం పోద్దో తెలుసుద్దండి.”

చెబుతూనే నన్ను చూశాడు. బస్సులో గొడుగాయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ చూపు నెత్తి మీద మొదలై నా బూట్ల దగ్గర ఆగింది. మాట మార్చాలని, “నాది ఆరడుగుల ఒకటి” అన్నాను.

“ముప్పావంగుళం తక్కువండి” అన్నాడు మెల్లగా. కిందటి నెల మెడికల్‌లో డాక్టరు రాసిందీ అంతే. మా ఆవిడక్కూడా చెప్పలేదు.

నేను సంచీలోంచి టేపు తీశాను. అతను లేచి రెండడుగులు వెనక్కి వేశాడు. “టేపొద్దండి. అమ్మకి మాటిచ్చానండి. అమ్మతో మాట్లాడండి.”

పదింటికి వాళ్ళింటికి వెళ్ళాం. ముందు పెట్టెల కొట్టు, వెనక రెండు గదులు. గోడలకి మామిడి చెక్కలు చేర్చి ఉన్నాయి. చిత్రిక పొట్టు పాదాలకింద మెత్తగా తగులుతోంది. దావీదు తల్లి రాహేలమ్మ మజ్జిగిచ్చి, స్టూలు వేసి, తను గుమ్మంలో కూర్చుంది. ఉద్యోగం సంగతీ సోమవారం సంగతీ చెప్పాను. కొలత లేకపోతే ఇంతదూరం వచ్చీ లాభం లేదన్నాను.

“మీరు చెప్పేది బానే ఉంది బాబూ. మా పెద్దోడు సామ్యేలని ఉండేవోడు. ఒకరోజు వాళ్ళ నాన్న పరాచికానికి ఆణ్ణి నిలబెట్టి టేపు పెట్టాడు. నెల తిరక్కుండా జొరమొచ్చి పోయాడు. అదే కొలతకి ఆయనే పెట్టె చేశాడు. ఇంక ఈ ఇంట్లో బతికున్నోళ్ళని కొలవం.”

టేపు జేబులో పెట్టుకుని లేవబోయాను. ఆవిడ, “ఉండండి” అని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది.

మూలన ఒక టేకు పెట్టె నిటారుగా నిలబెట్టి ఉంది. మూత లేదు. లోపల కింది భాగంలో దుప్పట్లూ, వాటి మీద బైబిలూ. నేను తలెత్తి చూడాల్సినంత పొడుగుంది. అంత పెట్టె నేనెన్నడూ చూడలేదు.

“పెద్దోడు పోయాక మా ఆయన ఇది చిన్నోడికని చేశాడు. అప్పుడీడికి పదేళ్ళు. ‘ఎవరికీ పట్టనంత పొడుగు చేశానే. పెట్టె నిండేదాకా చావు రాదు, ఈ పొడుగు నిండేవోడు పుట్టలేదు’ అన్నాడు. చావుని మోసం చేశాననుకున్నాడు బాబూ.” ఆవిడ గుమ్మం వైపు చూసింది. అక్కడ దావీదు తల వంచి నిలబడి ఉన్నాడు. “ఈడేమో పెరగడం మొదలెట్టాడు.”

ఏటేటా క్రిస్మస్‌కి కొడుకుని ఆ పెట్టె పక్కన నిలబెట్టి చూసుకుంటుందట. అది కొలత కాదట, చూపట. మొదట మూర సందుండేదట, తరవాత జానెడు. మొన్న చూస్తే నాలుగు వేళ్ళు మిగిలింది.

“మనిషిని కొలవొద్దు. పెట్టెని కొలుచుకోండి. నాలుగు వేళ్ళు తీసేసుకోండి” అంది.

కొలిచాను. లోపలి పొడుగు ఏడడుగుల ఒక అంగుళం. నాలుగు వేళ్ళకి మూడంగుళాలు తీసేస్తే ఆరడుగుల పది. మా జట్టు చరిత్రలో అంతటివాడు లేడు. సంతోషించాల్సిన మాటే. ఆ గదిలో ఉన్నంతసేపూ సంతోషం నా దగ్గరికి రాలేదు.

“ఆణ్ణి తీసుకుపోండి బాబూ. పెట్టె ఇక్కడే ఉంటది, ఆడు ఆడ ఉంటాడు. ఎడం ఉంటే మంచిది” అంది రాహేలమ్మ. ఆ తరవాత అడగనే అడిగింది. “మీరు ఇట్టాంటోళ్ళని సానామందిని చూసుంటారు. ఇంక పెరగడు గదా?”

“పెరగడమ్మా” అన్నాను. దావీదు ప్యాంటు మీద విప్పిన మడత గీత ఎదురుగానే ఉంది. దాని వైపు చూడలేదు.

దావీదు బస్సు దాకా వచ్చాడు. దారిలో మనుషులు తప్పుకుంటూనే ఉన్నారు. “నీకు భయమా?” అని అడిగాను. “లేదండి. అమ్మ పొద్దున్నే లేవగానే నన్ను కాదండి, పెట్టెని చూసుద్ది. అది చూళ్ళేకే వస్తానంటున్నానండి” అన్నాడు. పన్నెండుకి బస్సొచ్చింది. అతను ఎవరినీ చూడకుండా తల దించుకుని వెళ్ళిపోయాడు.

గవర్నరుపేటలో రెండున్నర రూపాయలకి పప్పూ, గోంగూరతో భోజనం దొరికింది. ఆకలి బాగానే వేసింది గాని తిన్నదేదో గుర్తులేదు. రెండున్నర బండికి సీటు దొరికింది. ఆ రోడ్డున మీరెప్పుడైనా వెళితే కాలవ గట్టూ చెరకు తోటలూ కంటికి ఇంపుగానే ఉంటాయి. నేను మళ్ళీ వెళితే మాత్రం గొడుగు పట్టుకెళతాను.

ఖమ్మం దాటాక ఫారం తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎత్తు: ఆరడుగుల పది. ఆట: బంతి పడే చోటు ముందే తెలుసు, ఇట్టే నేర్చుకుంటాడు. అన్నీ నిజాలే, గబగబా రాశాను. చివర్న ఒక గడి మిగిలింది. ‘ఇంకా ఎదిగే అవకాశం ఉందా? ఎంత?’ మా ఆఫీసరుగారు ముందు చూసేది ఆ గడే. ‘లేదు’ అని రాస్తే మందకొడి అన్నవాళ్ళ మాటే నెగ్గుతుంది, కుర్రాడు ఆ కొట్లోనే, ఆ పెట్టె పక్కనే ఉండిపోతాడు. ‘ఉంది’ అంటే ఉద్యోగం ఖాయం. ఎదురు సీట్లో ముసలాయన, “ఏం సారూ, పరీక్ష పేపరా?” అన్నాడు. అలాంటిదేనన్నాను.

నాకు తెలిసిన విద్యంతా ఒకటే అంకె చెబుతోంది. సిరా కలంతో ‘ఉంది, మూడంగుళాలు’ అని రాసి కింద సంతకం పెట్టాను. కుర్రాళ్ళ ఎదుగుదల గురించి నేనిచ్చిన అంచనా ఇంతవరకు ఒక్కటీ తప్పలేదని జట్టులో నాకు పేరు. ఇది తప్పాలని సికింద్రాబాదు వచ్చేదాకా దేవుళ్ళందరికీ, వాళ్ళ దేవుడితో సహా, మొక్కుకుంటూనే ఉన్నాను.