ఒక్క ఎర్ర గంజు

మేడ్చల్ పాత రోడ్డు మీద మా నాయినకు టెంట్‌హౌస్ ఉండేది. ఇత్తడి వంట గంజులు రెండు వరసలు. అంచుకు ఎర్ర రంగు పూసినవి పెళ్లిళ్లకు, నీలం పూసినవి చావులకు. ఒక వరస ఇంకో వరసలో కలవకూడదు. ఆ ఒక్క నియమం తప్ప మా వ్యాపారానికి పెద్దగా చదువు అక్కర్లేదు. నేను ఇంజనీరింగ్ చదివాను.

హైవే పొడవునా ఫంక్షన్ హాళ్లు లేచాయి. కుర్చీ దగ్గర్నుంచి కిళ్లీ దాకా అన్నీ వాళ్లవే. ఎర్ర గంజులు మూలకు చేరాయి. చావులు మాత్రం మమ్మల్ని వదల్లేదు. కొన్నాళ్లకు మా ట్రాలీ ఆటో వీధిలోకి మళ్లితే చాలు, "ఎవలు వోయిండ్రు?" అంటూ ఆడవాళ్లు తలుపుల్లోకి వచ్చేవారు. వ్యాపారానికి అది అంత మంచి ప్రచారం కాదు. నాయిన షట్టర్ దించి, దుకాణాన్ని బిర్యానీ సెంటర్‌కు కిరాయికిచ్చాడు.

నిరుడు బిర్యానీ సెంటరూ మూతపడింది. నాయిన టెంట్‌హౌస్ మళ్లీ తెరుస్తానన్నాడు. ఒకటే షరతు, బోణీ పెళ్లిదే కావాలి. మొదటి బేరం ఏదైతే దుకాణం ఆ దారినే పోతుందని ఆయన నమ్మకం. రావల్కోల్ రైతు ఒకాయన, బిడ్డ పెళ్లి ఇంటి ముందే చేస్తానని మాటిచ్చాడు. నాయిన ఎర్ర గంజులను చింతపండుతో తోమించి షట్టర్ పక్కన వరసగా పెట్టించాడు.

పెళ్లి వారం ఉందనగా కొంపల్లి విల్లాల నుంచి ఫోన్. పెద్దావిడ పోయారు. "ఈవెంట్ వాళ్లు పెళ్లిళ్లే చేస్తారటండీ. మీరైతే వస్తారని మా వాచ్‌మన్ చెప్పాడు."

"ఇంక బోణీ గాలే. లేవని చెప్పు," అంది అమ్మ.

"సావింటికి లేవంటమా?" అన్నాడు నాయిన. తర్వాత నాతో, "జల్దీ పోరా. ఎన్క గదిలున్న నీలంవి ఏస్కపో."

వెనక గదికి తాళం వేసి ఉంది, తాళంచెవి ఇంట్లో. గంజుకు గంజే కదా అనుకుని ముందున్నవి ఎక్కించాను. అదీ నా చదువు. అన్నిటికన్నా పెద్దది ట్రాలీలో పట్టక మిగిలింది.

మూడో రోజు గంజులు తిరిగొచ్చాయి. నాయిన దింపుతూ అంచు చూశాడు, ఎర్రవి. మిగతావన్నీ తనే దింపాడు. తిడితే బాగుండేది.

ఆ సాయంత్రమే రావల్కోల్ రైతు సామాను చూడ్డానికి వచ్చాడు. గంజులు కడిగే ఉన్నాయి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు.

"తమ్మీ, గివి సావింటికి పొయ్యొచ్చినయి. మావోడు సూస్కోలే," అన్నాడు నాయిన.

"గీ కాలంల గా పట్టింపులేందన్నా!" అంటూనే ఆయన గంజు మీది చేయి తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు. చాయ్ సగమే తాగాడు. మర్నాడు ఫోన్ చేసి, ఆడవాళ్లు ఒప్పుకోవట్లేదు, హాలు మాట్లాడుకున్నామన్నాడు.

ఇప్పుడు దుకాణం బాగానే నడుస్తోంది. చుట్టుపక్కల విల్లాల్లో ఎవరు పోయినా మాకే ఫోన్. పోయినవాళ్ల నుంచి ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ లేదు.

మొన్న నాయిన నీలం రంగు డబ్బా తెచ్చాడు. ఎర్ర గంజులను ఒక్కొక్కటే బోర్లించి అంచుకు పూసుకుంటూ పోయాడు. బ్రష్ అడిగితే నాకివ్వలేదు. పెద్దదాన్ని మాత్రం పక్కకు జరిపాడు.

"గదెందుకు ఇడిసినవ్ నాయినా?"

"సావింటికి పోనిది గదొక్కటే. నీ పెండ్లికుంటది తియ్యిరా."

నా పెళ్లి వచ్చే నెల. పిల్ల తరఫువాళ్లు కొంపల్లిలో హాలు మాట్లాడి వారమైంది. ఆయనకింకా చెప్పలేదు.